సునామీ హెచ్చరిక మీ గుమ్మం దాకా రావాలంటే

సుమత్రా దగ్గర ఇప్పుడే పెద్ద భూకంపం వచ్చిందనుకోండి. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) సునామీ హెచ్చరిక కేంద్రానికి ఆ సంగతి నిమిషాల్లో తెలిసిపోతుంది, పది నిమిషాలు అటూ ఇటూగా మొదటి బులెటిన్ బయటికి వెళ్తుంది. కెరటం ఆంధ్ర తీరానికి రావడానికి మాత్రం సుమారు రెండున్నర గంటలు పడుతుంది. లెక్క చూస్తే బోలెడంత టైము. కానీ ఆ బులెటిన్ కలెక్టరేట్‌కు, అక్కణ్ణుంచి తహసీల్దార్‌కు, తర్వాత మీ ఊరి సచివాలయానికి, చివరికి ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్న మనిషి చెవికి చేరేసరికి అందులో ఎంత మిగులుతుందన్నదే అసలు సంగతి. సైన్స్ వైపు పని బాగానే జరుగుతోంది. తేడా వచ్చేదల్లా చివరి రెండు కిలోమీటర్లలో, ఆ ముక్కను మీరూ మీ ఊరూ కలిసి ఎలా సరిచేసుకోవచ్చో చెప్పడానికే ఇది.

ముందు మీరెక్కడున్నారో తేల్చుకోండి

భూకంపం పుట్టే చోటికి మీరు దగ్గరా, దూరమా అన్నదాన్ని బట్టి చేయాల్సిన పని పూర్తిగా మారిపోతుంది. మనవాళ్ళు, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళినవాళ్ళు, అండమాన్‌లో చాలామంది ఉన్నారు. మీరు అక్కడ ఉంటే ఈ వ్యాసంలో మీకు కావలసింది ఒక్కటే: నేల గట్టిగా ఊగి, నిలబడలేకపోయినా, లేదా మెల్లగా అయినా చాలాసేపు ఊగుతూనే ఉన్నా, ఆ ఊపే మీకు హెచ్చరిక. ఊపు ఆగగానే ఎత్తుకు వెళ్ళిపోండి. ఫోను చూడొద్దు, సైరన్ కోసం ఆగొద్దు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. నికోబార్ దీవులకు కెరటం వచ్చేలోపు ఉండేది నిమిషాలే, ఏ ప్రభుత్వ వ్యవస్థా అంతకంటే ముందు రాలేదు.

ఆంధ్ర తీరం సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. మన వైపు పెద్ద సునామీని పంపగలిగే భ్రంశం, అంటే భూమి పొరల్లోని చీలిక, అండమాన్-సుమత్రా గొలుసులో ఉంది, అది వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడ భూమి చీలిపోయినా ఇక్కడ గిన్నెలు కొద్దిగా కదలొచ్చు, అసలు ఏమీ తెలియకపోవచ్చు కూడా. 2004 డిసెంబర్ 26 ఉదయం 6:29కి సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూకంపం వస్తే, మన తీరాన్ని కెరటం తాకింది తొమ్మిది గంటల ప్రాంతంలో. మధ్యలో ఆ రెండున్నర గంటలూ మనవాళ్ళు మామూలుగా ఆదివారం పనులు చేసుకుంటూ ఉన్నారు, పౌర్ణమి కావడంతో కొన్నిచోట్ల సముద్ర స్నానాలకు కూడా వచ్చారు. రాష్ట్రంలో వంద మందికి పైగా పోయారు. కాబట్టి మన శరీరానికి తెలియదు, మనకు చెప్పేవాడు కావాలి. అందుకే ఆంధ్ర తీరంలో అధికారిక హెచ్చరికకు అండమాన్‌లో కంటే ఎక్కువ విలువ.

ఇంకోటి, చాలామంది టీవీలో చూసి గట్టిగా నమ్మేది: సునామీ వచ్చే ముందు సముద్రం వెనక్కి వెళ్తుంది, అది చూసి పరిగెత్తితే చాలు అని. 2004లో థాయిలాండ్ వైపు అలాగే ముందు నీరు వెనక్కి పోయింది. కానీ భ్రంశానికి పడమర వైపున్న మనకూ శ్రీలంకకూ ముందు నీరు పెరిగింది, వెనక్కి లాగడం ఆ తర్వాత. సముద్రం వెనక్కి వెళ్తే పరిగెత్తండి, అందులో అనుమానం లేదు. వెళ్ళలేదు కదా అని మాత్రం నిలబడి చూడకండి.

బులెటిన్‌లో ఉన్న మాటలకు అర్థం

హిందూ మహాసముద్రంలో 6.5, ఆ పైన తీవ్రత ఉన్న భూకంపం వస్తే ఇన్‌కాయిస్ బులెటిన్ ఇస్తుంది. చాలాసార్లు అందులో ఉండేది 'ముప్పు లేదు' అనే. మిగతావి మూడు రకాలు, ఇంగ్లిష్ మాటలే వాడతారు కాబట్టి వాటినే గుర్తుపెట్టుకోండి. 'వార్నింగ్' ఎరుపు: రెండు మీటర్లకు మించిన కెరటం రావచ్చని అంచనా, తీరం ఖాళీ చేయాలి. 'అలర్ట్' నారింజ: అర మీటరు నుంచి రెండు మీటర్ల దాకా, బీచ్‌కూ పల్లపు ప్రాంతాలకూ దూరంగా ఉండాలి. 'వాచ్' పసుపు: అర మీటరు లోపు, వెంటనే చేయాల్సింది ఏమీ లేదు, తర్వాతి బులెటిన్ కోసం చూస్తూ ఉండాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, తెలియకపోతే టెన్షన్ పడతారు. కెరటం 60 నిమిషాల లోపే చేరే ప్రాంతాలకు భూకంపం లెక్కల మీదే నేరుగా వార్నింగ్ ఇచ్చేస్తారు, ఎందుకంటే సముద్రం అసలు కదిలిందో లేదో చూసేంత టైము ఉండదు. మనలాంటి దూరపు తీరాలకు మొదట అలర్టో వాచో ఇచ్చి, సముద్రం అడుగున పెట్టిన పీడన పరికరాలూ, తీరాల్లో నీటిమట్టం కొలిచే టైడ్ గేజ్‌లూ నీరు నిజంగా కదిలిందని చెప్పాకే దాన్ని పెంచుతారు, లేదంటే తీసేస్తారు. కాబట్టి ఒకే బులెటిన్‌లో నికోబార్‌కు ఎరుపు, మనకు నారింజ అని ఉంటే అందులో గందరగోళం ఏమీ లేదు. 2012 ఏప్రిల్ 11న అచ్చం అలాగే జరిగింది: సుమత్రా దగ్గర 8.6, రెండు గంటల తర్వాత 8.2. నికోబార్‌కు వార్నింగ్, ఆంధ్రా, తమిళనాడు తీరాలకు అలర్ట్ ఇచ్చారు. చివరికి వచ్చినవి చిన్న కెరటాలే, ఎందుకంటే ఆ రోజు భూమి పలకలు పైకీ కిందికీ లేవకుండా పక్కకు జారుకున్నాయి. సముద్రపు అడుగును పైకి తోయకపోతే అంత నీరు కదలదు. అలాంటి రోజున 'ఉత్తుత్తి హెచ్చరిక' అని విసుక్కోవడం తేలికే, నాకైతే అది వ్యవస్థ సరిగ్గా పనిచేసిన రోజులాగే కనిపిస్తుంది.

అలర్ట్ వచ్చింది, వార్నింగ్ కాదు. అప్పుడేం చేయాలి? నా మాట అడిగితే, బీచ్ దిగువన ఇల్లున్నవాళ్ళు, ముసలివాళ్ళు, పసిపిల్లలు, నడవలేనివాళ్ళు ఉన్న ఇళ్ళు అలర్ట్‌కే బయల్దేరాలి. మిగతావాళ్ళు సర్దుకుని, చెప్పులేసుకుని, తర్వాతి బులెటిన్ కోసం సిద్ధంగా ఉండాలి. మొదటి అంకెను వేదవాక్కులా తీసుకోవద్దు. పెద్ద భూకంపాల్లో భూమి చీలడమే కొన్ని నిమిషాల పాటు సాగుతుంది, 2004లో ఆ చీలిక సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున పాకింది, మొదటి నిమిషాల్లో కొలిచినవాళ్ళకు అది నిజమైన దానికంటే చిన్నదిగా కనిపించింది.

బయట ఉన్నవాళ్ళకు ఒక చిన్న మాట. అమెరికా పడమటి తీరంలో ఇవే మాటలకు అర్థాలు కొంచెం వేరు: అక్కడ వార్నింగ్ తర్వాత వచ్చేది 'అడ్వైజరీ', అంటే నీళ్ళలోంచి బయటికి వచ్చేయమని, 'వాచ్' అంటే ఇంకా లెక్క తేలలేదు, సిద్ధంగా ఉండమని. 2024 డిసెంబర్ 5న ఉత్తర కాలిఫోర్నియా దగ్గర 7.0 భూకంపం వచ్చినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి, సుమారు గంటలో హెచ్చరిక ఎత్తేశారు. అక్కడ ఉన్నవాళ్ళు మన పసుపు-నారింజ లెక్క వాడకండి.

ఎక్కడెక్కడ తెగుతుందో చూడండి

చివరి ముక్క ఎలా తెగుతుందో తెలిస్తేనే మీ ఊళ్ళో ఎక్కడ ముడి వేయాలో తెలుస్తుంది, అందుకని ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

2004లో హిందూ మహాసముద్రానికి సునామీ వ్యవస్థే లేదు. కానీ సమాచారం అసలు లేదని చెప్పలేం. మన తీరాన్ని తాకడానికి ముందే కార్ నికోబార్‌లోని ఎయిర్‌ఫోర్స్ స్థావరం దెబ్బతింది, ఆ కబురు మెయిన్‌ల్యాండ్‌కు వచ్చింది కూడా. వాతావరణ శాఖ పంపిన ఫ్యాక్స్ అప్పటి మంత్రికి బదులు అంతకుముందున్న మంత్రి ఇంటికి వెళ్ళిందని పత్రికల్లో రాశారు. అంటే కబురు ఉంది, ఎవరికి చెప్పాలో ముందే రాసి పెట్టుకున్న కాగితం సరిగ్గా లేదు. మీ ఊరి కమిటీ ఫోన్ల జాబితాను ఇదే కళ్ళతో ఒకసారి చూడండి. అందులో బదిలీ అయిపోయిన వీఆర్వో నంబర్ ఇంకా ఉందా?

2007 అక్టోబర్‌లో మన కేంద్రం మొదలైంది. ఇప్పుడది మన ఒక్కరికే కాదు, హిందూ మహాసముద్రం చుట్టూ సుమారు పాతిక దేశాలకు సమాచారం ఇస్తుంది, ఇండోనేషియా, ఆస్ట్రేలియా కేంద్రాలతో కలిసి. వేల రకాల భూకంపాలకు కెరటం ఎక్కడికి ఎంతసేపట్లో ఎంత ఎత్తున వస్తుందో ముందే లెక్కకట్టి పెట్టుకుంటారు, నిజంగా భూకంపం వచ్చినప్పుడు దానికి దగ్గరగా ఉన్న లెక్కను తీస్తారు. ఆ వేగం అక్కడి నుంచే వస్తుంది.

ఇండోనేషియాలో 2018 సెప్టెంబర్ 28న పాలు నగరంలో జరిగింది వేరే కథ. సాయంత్రం ఆరు దాటిన రెండు నిమిషాలకు 7.5 భూకంపం, ఐదు నిమిషాల్లో అధికారులు హెచ్చరిక ఇచ్చారు, అంతకంటే వేగంగా ఎవరిస్తారు? కానీ ఆ భూకంపానికే కరెంటు పోయింది, సెల్ టవర్లు పడిపోయాయి, మెసేజ్ ఎవరికీ చేరలేదు, బీచ్‌లో పండగకు చేరిన జనం దగ్గర సైరన్ మోగలేదు. ఇరుకు అఖాతంలో కెరటాలు నిమిషాల్లోనే వచ్చేశాయి. ఆ దేశం సునామీని పసిగట్టడానికి సముద్రంలో పెట్టుకున్న తేలియాడే పరికరాలు (బోయాలు) 2012 నుంచి పనిచేయడం లేదని తర్వాత బయటపడింది. భూకంపం, సునామీ, నేల కుంగిపోవడం, అన్నీ కలిపి 4,000 మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది డిసెంబర్ 22న అనక్ క్రకటోవా అగ్నిపర్వతం పక్క భాగం సముద్రంలోకి జారి సునామీ వచ్చినప్పుడైతే భూకంపమే లేదు కాబట్టి హెచ్చరికే రాలేదు, 400 మందికి పైగా పోయారు.

సరే, డబ్బూ తయారీ రెండూ ఉన్న జపాన్? 2011 మార్చి 11న భూకంపం వచ్చిన మూడు నిమిషాలకే హెచ్చరిక వచ్చింది. కానీ మొదట తీవ్రతను 7.9గా లెక్కకట్టారు (నిజానికి 9.0), ఇవాతే తీరానికి మూడు మీటర్ల కెరటం అన్నారు. మూడు మీటర్లే కదా, తీరంలో గోడ ఉంది కదా అని ఆగినవాళ్ళు ఉన్నారు. అరగంట లోపే అంచనా పెంచారు గానీ అప్పటికి చాలాచోట్ల కరెంటు లేక ఆ రెండో మాట వినపడలేదు. అదే తీరంలో కమైషి పట్టణంలో బడిపిల్లలు మొదట ఆగిన చోటు చాలదనిపించి ఇంకా పైకి, ఆ తర్వాత ఇంకా పైకి వెళ్ళారు, తమకంటే చిన్నపిల్లల చేతులు పట్టుకుని. బడుల్లో ఉన్న పిల్లలు దాదాపు అందరూ బతికారు. ఆ తర్వాత జపాన్ వాళ్ళు చేసిన మార్పు నాకు బాగా నచ్చుతుంది: మహా భూకంపాలకు మొదటి హెచ్చరికలో మీటర్లు చెప్పడం మానేసి 'భారీ' అని మాత్రమే అంటున్నారు. టీవీలో కూడా మెల్లగా చదవరు. 2024 జనవరి 1న నోటో భూకంపం రోజు అక్కడి టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కే యాంకర్ దాదాపు అరుస్తూ పారిపొమ్మని చెప్పింది. మన గుడి మైకులో చెప్పేవాళ్ళు ఆ వీడియో ఒకసారి చూడాలి, 'గ్రామ ప్రజలకు విజ్ఞప్తి' అని మొదలుపెట్టి మెయిన్ మాట చివర్లో చెప్తారు కదా మనవాళ్ళు.

మీ ఇంట్లో, మీ ఊళ్ళో చేయాల్సినవి

ఫోనుతో మొదలుపెట్టండి. సెట్టింగ్స్‌లో 'వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్' అని వెతికి, అన్నీ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. 2023లో దేశమంతా ఫోన్లు ఒక్కసారి పెద్దగా మోగి టెస్ట్ మెసేజ్ వచ్చింది గుర్తుందా, ఆ పద్ధతే ఇది. మామూలు ఎస్సెమ్మెస్ ఒక్కో నంబర్‌కు వెళ్తుంది, లైన్లు రద్దీగా ఉంటే ఆగిపోతుంది; ఇది టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేసారి వెళ్తుంది, మీ నంబర్‌తో దానికి పనిలేదు. ఆ రోజు ఆ మోత భరించలేక ఆఫ్ చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు, మీరు కూడా చేసి ఉంటే ఇప్పుడే మళ్ళీ ఆన్ చేయండి. తర్వాత జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'సచేత్' యాప్, ఇన్‌కాయిస్ వాళ్ళ 'సముద్ర' యాప్ వేసుకోండి. రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070, జిల్లాది 1077. ఈ రెండూ గోడ మీద పెద్దగా రాయండి, ఫోనులో ఛార్జింగ్ లేనప్పుడు పక్కింటి ఫోను నుంచి చేయాల్సి రావచ్చు.

ఫోను ఒక్కటీ సరిపోదు. రాత్రి రెండింటికి అలర్ట్ వస్తే ఊళ్ళో ఎవరు మేలుకుని ఉంటారు? ప్రతి పల్లెలో ముగ్గురు నలుగురి పేర్లు అనుకోవాలి: ఫోను మోగితే లేచేవాళ్ళు, లేచాక ఎవరి అనుమతీ అడక్కుండా మైకు దగ్గరికి వెళ్ళగలిగేవాళ్ళు. రామాలయం మైకు, చర్చి మైకు, మసీదు మైకు, ఏది ఉంటే అది, కానీ గది తాళం ఎవరి దగ్గరుందో, కరెంటు పోతే బ్యాటరీ ఉందో ముందే చూసుకోవాలి. బ్యాటరీ లేకపోతే దండోరా. డప్పుకు కరెంటు అక్కర్లేదు. ఏమని చెప్పాలో కూడా ముందే రాసి మైకు పక్కన అంటించండి: 'సునామీ వస్తోంది, సముద్రం వైపు పోవద్దు, ఫలానా చోటికి నడవండి', అంతే.

ఎక్కడికి నడవాలి అన్నది ఊరిని బట్టి ఉంటుంది. విశాఖ, భీమిలి వైపు అదృష్టవంతులు, కొండ పక్కనే ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాలో మాత్రం చుట్టూ చదునే, అక్కడ రెండు మూడు కిలోమీటర్లు లోపలికి నడవాలి, లేదా గట్టి ఆర్‌సీసీ భవనం రెండో అంతస్తు పైకి ఎక్కాలి. కింద స్తంభాలు, పైన హాలు ఉన్న తుఫాను షెల్టర్ మంచిదే, నీరు కింద నుంచి పోతుంది. అయితే కట్టి ఎన్నేళ్ళయింది, స్తంభాల్లో ఇనుము తేలిందా అని పంచాయతీ ఇంజనీర్‌తో చూపించుకోండి. దాని తాళం కూడా ఊళ్ళోనే ఉండాలి, మండలంలో కాదు. తుఫానుకు రెండు మూడు రోజులు టైము ఉంటుంది, ఎవరో ఒకరు తాళం తెస్తారు. ఇక్కడ ఆ సుఖం లేదు. తుఫానుకు ఓడరేవులో ఎగరేసే ప్రమాద సూచిక నంబర్లకు కూడా దీనితో సంబంధం లేదు.

దారి ఎంచుకునేటప్పుడు ఏరు, ఉప్పుటేరు, కాలువ గట్ల వెంట వద్దు. సునామీ నీరు ముందు దూరేది అవి సముద్రంలో కలిసే మొగల్లోంచే, ఊరికి వెనక వైపు నుంచి వచ్చి చుట్టేస్తుంది. ఇంట్లో అందరికంటే మెల్లగా నడిచే మనిషితో ఆ దారిలో ఒకసారి నడిచి ఎంతసేపు పట్టిందో చూడండి, కుర్రాళ్ళ పరుగుతో లెక్క కట్టొద్దు. వీలైనంత వరకు నడకే. 2012 భూకంపం రోజు సుమత్రాలోని బందా ఆచేలో జనం బైకులూ కార్లూ తీసి రోడ్లన్నీ జామ్ చేసుకున్నారు; ఆటో, ట్రాక్టర్ నడవలేనివాళ్ళ కోసం ఉంచండి.

వేటకు వెళ్ళినవాళ్ళ సంగతి. బోటు సముద్రంలో ఉండగా కబురు అందితే రేవుకు తిరిగి రావొద్దు, లోతు నీళ్ళలోకి పొండి. లోతులో సునామీ గంటకు 700 కిలోమీటర్లకు పైగా పరిగెత్తినా ఎత్తు చాలా తక్కువ, బోటు కింద నుంచి పోయినట్టు కూడా తెలియదు. ఒడ్డు దగ్గరికి వచ్చేకొద్దీ వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది, హార్బర్ నోట్లో అయితే బోటును బోటు మీదికి విసురుతుంది. సెల్ సిగ్నల్ అందని దూరంలో వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు, లేదా ఉపగ్రహం నుంచి ఇన్‌కాయిస్ మెసేజ్‌లు అందుకునే 'జెమిని' పరికరం ఉండాలి. జెమినీలో కబురు రావడమే గానీ మనం తిరిగి మాట్లాడలేం, ఆ తేడా సరంగుకు తెలిసి ఉండాలి. రేవులో కట్టి ఉన్న బోటును కాపాడదామని చివరి నిమిషంలో వెళ్ళడం మాత్రం వద్దే వద్దు.

నమ్మకూడనివి

సముద్రం వెనక్కి వెళ్ళిందని వీడియోలు ప్రతి తుఫాను తర్వాతా, ఒక్కో పౌర్ణమికీ అమావాస్యకీ కూడా తిరుగుతాయి. ఆటుపోట్లతో, గాలితో నీరు కొంత వెనక్కి తగ్గడం మామూలే. మీ కళ్ళ ముందు, ఉన్నట్టుండి, నిమిషాల్లో, మామూలుగా ఎప్పుడూ కనపడని అడుగు బయటపడితే అది వేరు, వెంటనే కదలండి. వాట్సాప్‌లో వచ్చిన పాత వీడియో అయితే సచేత్‌లోనో ఇన్‌కాయిస్ సైట్‌లోనో బులెటిన్ ఉందో లేదో చూడండి, అరనిమిషం పని. 'రేపు సాయంత్రం సునామీ వస్తుంది' అన్నవాడు ఎవడైనా సరే అబద్ధం చెప్తున్నట్టే, భూకంపాన్ని రోజు చెప్పి ఊహించగలిగేవాళ్ళు ఎవరూ లేరు. హిందూ మహాసముద్ర దేశాలు కలిసి చేసే ఐఓవేవ్ లాంటి మాక్ డ్రిల్స్ మెసేజ్‌లకు మొదట్లోనే 'టెస్ట్' అనో 'ఎక్సర్‌సైజ్' అనో ఉంటుంది, ఆ మాట తీసేసి ఫార్వర్డ్ చేసేవాళ్ళకు ఏం చెప్పాలో నాకు తెలీదు.

డ్రిల్ అంటే గుర్తొచ్చింది. ఒడిశాలో గంజాం జిల్లా వెంకటరాయిపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి గ్రామాలకు 2020లో యునెస్కో 'సునామీ రెడీ' గుర్తింపు వచ్చింది, దేశంలో మొదటివి అవే. ఒడిశా తీరపు నోలియాలంటే మన తెలుగు మూలాలున్న మత్స్యకారులే. 2024లో అదే రాష్ట్రంలో మరో 24 ఊళ్ళకు వచ్చింది. పటం, దారి బోర్డులు, ఊరి ప్లాను, డ్రిల్ వంటి 12 అంశాలు చూస్తారు. మీ పంచాయతీ కూడా దీనికోసం జిల్లా విపత్తుల విభాగాన్ని అడగొచ్చు. ఆ బోర్డు వచ్చినా రాకపోయినా, దానికోసం తయారయ్యే క్రమంలో పటమూ, జాబితా, తాళమూ అన్నీ ఒక దారికి వస్తాయి, నాకు కావలసింది అదే.

తిరిగి ఎప్పుడు రావాలి

మొదటి కెరటం పోయింది కదా అని దిగొద్దు. సునామీ ఒక్క కెరటం కాదు, పది నిమిషాల నుంచి గంట దాకా ఎడంతో ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, రెండోదో మూడోదో పెద్దది కావచ్చు. మధ్యలో ఇంట్లో మిగిలిపోయిన మేకల కోసం, గొలుసు కోసం వెనక్కి వెళ్ళినవాళ్ళే ఎక్కువ ప్రమాదంలో పడతారు. మోకాలి లోతు ప్రవాహం కూడా పెద్ద మనిషిని లాగేయగలదు. హెచ్చరిక రద్దయిందని కంట్రోల్ రూమ్ చెప్పేదాకా పైనే ఉండండి. ఆ రద్దు మాట కూడా అదే మైకులో, అదే మనుషుల నోట రావాలి, లేకపోతే ఎవరో ఒకరు 'అయిపోయిందట' అన్న మాటకు ఊరంతా దిగిపోతుంది. తిరిగొచ్చాక తెగిన కరెంటు తీగలు చూసుకోండి, బావి నీళ్ళు, బోరు నీళ్ళు పరీక్ష చేయించేదాకా తాగకండి, బయటి ట్యాంకర్ నీళ్ళే వాడుకోండి.